సగం ధరకే డ్రిల్, గ్రైండర్: 'ఫ్యాక్టరీ రీకండిషన్డ్' పవర్ టూల్స్ కొనొచ్చా, వద్దా?

మీ చుట్టాల్లో 'ఫోన్ల సంగతి తెలిసినోడు' మీరే అయితే ఈ తిప్పలు మీకు కొత్త కాదు. టీవీ కొన్నా, మిక్సీ కొన్నా ముందు మనకే ఫోన్ వస్తుంది. పోయిన డిసెంబర్‌లో రాజాం నుంచి మా బావ కూడా అలాగే చేశాడు. బావది వడ్రంగి పని. తలుపులు, కిటికీలు, కబోర్డులు చేస్తాడు.

"ఏట్రా బావా, టెక్సాస్ నుంచి అన్నయ్య సంక్రాంతికి వస్తన్నాడు కదా. అక్కడ మెషిన్లు సగం రేటుకే దొరుకుతన్నాయంట. ఫ్యాక్టరీ రీకండిషన్ అంట. తెప్పించీమంటావేటి?"

అన్నయ్య పంపిన లింకుల్లో రెండు ఐటమ్స్ ఉన్నాయి. ఒకటి వైరుతో నడిచే సర్క్యులర్ సా, అంటే చెక్క కోసే గుండ్రటి రంపం మెషిన్. రెండోది స్క్రూలు బిగించే బ్యాటరీ ఇంపాక్ట్ డ్రైవర్. ఫొటోలు చూస్తే కొత్తవాటిలాగే మెరుస్తున్నాయి. రీఫర్బిష్డ్ ఫోన్ల మీద బోలెడు రివ్యూలు రాసిన నేను "కొనేయ్ బావా" అనేయాలి. కానీ అనలేదు. ఎందుకంటే ఈ విషయంలో నాకు ఓసారి గట్టిగా తగిలింది.

నా గ్రైండర్ కథ

రెండేళ్ల కిందట ఇంట్లో గేటు పని కోసం ఒక షాపులో 'రీకండిషన్డ్' 4 అంగుళాల గ్రైండర్ కొన్నాను. షాపు పేరు ఎందుకులెండి. బాడీకి కొత్త రంగు, కొత్త వైరు, కొత్త ప్లగ్గు. బిల్లు అడిగితే "మన షాపే కదా, ఏదైనా అయితే తెచ్చీయండి" అన్నారు. మూడో రోజు స్విచ్ ఆఫ్ చేస్తే మెషిన్ ఆగలేదు. చేతిలో డిస్క్ తిరుగుతూనే ఉంది. ప్లగ్గు ఎక్కడో వరండా అవతల ఉంది. ఇంట్లో వాళ్లు పరుగెత్తి ప్లగ్గు పీకేదాకా దాన్ని రెండు చేతులతో బిగించి పట్టుకుని నిల్చున్నాను.

తర్వాత వైండింగ్ షాపులో విప్పించాం. ఆర్మేచర్‌ని ఎవరో మళ్లీ చుట్టారు. స్విచ్ వేరే మోడల్‌ది, లోపల సరిగ్గా కూర్చోలేదు. బేరింగ్ పాతదే. నిజంగా కొత్తది ఏమైనా ఉందంటే బయట వేసిన రంగే.

4 అంగుళాల గ్రైండర్ నిమిషానికి దాదాపు 11 వేల సార్లు తిరుగుతుంది. లెక్క వేస్తే డిస్క్ అంచు గంటకు 200 కిలోమీటర్ల పైనే పరుగెడుతున్నట్టు. ఫోన్ హ్యాంగ్ అయితే రీస్టార్ట్ చేస్తాం. గ్రైండర్ విషయంలో ఆ అవకాశం ఉండదు. అందుకే ఫోన్ లెక్క ఇక్కడ పనికిరాదు.

ఫోన్‌కీ, డ్రిల్లుకీ తేడా ఏంటి?

పాత ఫోన్ కొనేటప్పుడు మన చేతిలో చాలా ఆయుధాలు ఉంటాయి. ఐఎంఈఐ నంబర్‌ని సంచార్ సాథీలో కొట్టి చూస్తాం. బ్యాటరీ హెల్త్ చూస్తాం. స్క్రీన్, కెమెరా, సెన్సర్లు ఒక్కో యాప్‌తో టెస్ట్ చేస్తాం. మామూలు డ్రిల్ మెషిన్‌కి ఇవేవీ లేవు. అది ఎన్ని గంటలు నడిచిందో చెప్పే మీటరు లేదు. కాంక్రీటు స్లాబులకి కన్నాలు పెట్టిందా, ఇంట్లో రెండు ఫొటోలు తగిలించడానికి వాడారా అన్నది బయటికి కనిపించదు.

కాబట్టి వస్తువుకన్నా ముందు దాన్ని బాగు చేసింది ఎవరో చూడాలి. మార్కెట్లో 'రీకండిషన్డ్' అనే ఒకే మాట కింద మూడు రకాలు తిరుగుతున్నాయి.

మొదటిది, అసలైన ఫ్యాక్టరీ రీకండిషన్డ్. అమెరికాలో జనం ఒక చిన్న పని కోసం టూల్ కొని, పని అయిపోయాక షాపుకి తిరిగి ఇచ్చేయడం మామూలే. డబ్బా నలిగినవి, చిన్న లోపంతో వెనక్కి వచ్చినవి కూడా ఉంటాయి. వాటిని కంపెనీ గానీ, కంపెనీ అనుమతి ఉన్న సెంటర్ గానీ తనిఖీ చేసి, పాడైన పార్టులు మార్చి, టెస్ట్ చేసి, తగ్గింపు ధరకి, వేరే వారంటీతో అమ్ముతుంది. మోడల్ నంబర్‌లోనే గుర్తు ఉంటుంది. డీవాల్ట్ అయితే చివర 'ఆర్', బాష్ అయితే 'ఆర్‌టీ', ర్యోబీ అయితే ముందు 'జెడ్‌ఆర్' కనిపిస్తుంది. అలాగని 'ఆర్' కనిపించిన ప్రతిదీ రీకండిషన్డ్ అనుకోకండి. మకీటా కొత్త కిట్ల నంబర్లలో కూడా 'ఆర్' ఉంటుంది. కంపెనీ సైట్‌లో నంబర్ కొట్టి చూస్తేనే ఖాయం.

రెండోది, సెల్లర్ రీఫర్బిష్డ్. ఆన్‌లైన్‌లో అమ్మేవాడే తుడిచి, పరీక్షించి అమ్ముతాడు. మంచివాళ్లు ఉంటారు, కానీ కంపెనీకి దీంతో సంబంధం లేదు.

మూడోది, మన ఊళ్లలో దొరికేది. పాత మెషిన్‌కి లోకల్‌గా రిపేరు చేసి, రంగు కొట్టి, 'రీకండిషన్' అని చెప్పేది. నా గ్రైండర్ ఈ బాపతే. ఇందులో నిజాయతీగా పని చేసే మెకానిక్కులు కూడా ఉన్నారు. కానీ 'ఫ్యాక్టరీ' అనే మాట దీనికి అతకదు.

బావ లింకు నంబర్ 1: అమెరికా సర్క్యులర్ సా

అన్నయ్య పంపింది మొదటి రకమే. మోడల్ నంబర్ సరిచూశాను, కంపెనీ రీకండిషన్ చేసిందే. అయినా సర్క్యులర్ సాకి నో చెప్పాను. కారణం వోల్టేజి.

అమెరికాలో ఇంటి కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మన దగ్గర 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ఇలాంటి టూల్స్‌లో ఎక్కువగా ఉండేది యూనివర్సల్ మోటార్. దానికి హెర్ట్జ్ తేడా పెద్ద సమస్య కాదు. వోల్టేజి మాత్రం ప్రాణాంతకం. 120 వోల్టుల మెషిన్‌ని మన సాకెట్లో పెడితే దాదాపు రెట్టింపు వోల్టేజి తగులుతుంది. వైండింగ్ కాలిపోతుంది. కాలిపోయే ముందు బ్లేడు ఉండాల్సిన దానికన్నా చాలా వేగంగా తిరుగుతుంది, అదింకా డేంజర్.

"స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టీనా అవదేటి?" అన్నాడు బావ. అవుతుంది, కానీ లెక్క చూడండి. ఆ సా మీద 15 యాంపియర్లు అని ఉంది. 120 ని 15 తో గుణిస్తే 1,800 వాట్లు. స్టార్ట్ అయ్యేటప్పుడు ఇంకా చాలా ఎక్కువ లాగుతుంది. కనీసం 3 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. ఆ బరువుని బండి మీద పెట్టుకుని సైటు సైటుకీ ఎవరు మోస్తారు? దాని ఖర్చు కలిపితే సగం రేటు కాస్తా పూర్తి రేటు అవుతుంది. పైగా ఏదో ఒక రోజు హెల్పర్ కుర్రాడు ట్రాన్స్‌ఫార్మర్ మర్చిపోయి నేరుగా గోడ సాకెట్లో పెడతాడు. ఇది 'అయితే' కాదు, 'ఎప్పుడు' అన్న ప్రశ్న.

ఇంకో పాయింట్. అమెరికా సెకండ్స్ కొనేవాళ్లు రీకాల్ జాబితా తప్పకుండా చూడాలి. 2022లో డీవాల్ట్ అక్కడ దాదాపు 14 లక్షల 12 అంగుళాల మైటర్ సాలను రీకాల్ చేసింది. వెనక ఉండే సేఫ్టీ గార్డు విరగొచ్చు, ఊడిపోవచ్చు అన్నది కారణం. అలాంటిది సరిచేయకుండా ఒక సూట్‌కేసులో మన ఊరొస్తే ఆ కబురు మనదాకా రాదు. అమెరికా వినియోగదారుల భద్రతా సంస్థ, సీపీఎస్‌సీ, సైట్‌లో మోడల్ నంబర్ కొడితే రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

బావ లింకు నంబర్ 2: బ్యాటరీ ఇంపాక్ట్ డ్రైవర్

ఇక్కడ కథ మారింది. బ్యాటరీ టూల్‌కి గోడ కరెంటుతో నేరుగా పని లేదు, ఛార్జర్‌కే ఉంది. అంటే టూల్ బాడీ అమెరికాదైనా, బ్యాటరీ, ఛార్జర్ మన దేశానివైతే చాలు. బావ దగ్గర అదే కంపెనీ డ్రిల్, రెండు బ్యాటరీలు, 230 వోల్టుల ఛార్జర్ ఇప్పటికే ఉన్నాయి.

ఒక డౌట్ చాలామందికి వస్తుంది: "అమెరికాలో 20 వోల్ట్ మ్యాక్స్ అని రాస్తారు, మన దగ్గరది 18 వోల్ట్ కదా?" డీవాల్ట్ లాంటి బ్రాండ్లలో ఇవి రెండూ ఒకటే. లోపల 5 లిథియం సెల్స్ వరసగా ఉంటాయి. ఫుల్ ఛార్జ్‌లో ఒక్కోటి సుమారు 4 వోల్టులు, మొత్తం 20. పని చేసేటప్పుడు సగటున 3.6, మొత్తం 18. ఒకే దాన్ని రెండు దేశాల్లో రెండు రకాలుగా రాస్తారు, అంతే. కానీ ప్రతి బ్రాండ్‌కీ ఇది వర్తిస్తుందని అనుకోవద్దు. మీ బ్యాటరీ ఆ బాడీకి ఎక్కుతుందో లేదో ముందే ఖాయం చేసుకోండి.

అదే మీ దగ్గర బ్యాటరీలు లేకపోతే? అప్పుడు లెక్క తలకిందులవుతుంది. కార్డ్‌లెస్ కిట్‌లో ఖరీదైన భాగం బ్యాటరీలు, ఛార్జరే. బాడీ చవగ్గా వచ్చిందని మురిసిపోయి, ఇక్కడ ఒరిజినల్ బ్యాటరీ ధర చూసి డూప్లికేట్ వైపు వెళ్తారు. డూప్లికేట్ ప్యాక్‌లో సెల్స్ ఎలాంటివో, రక్షణ సర్క్యూట్ ఉందో లేదో మనకి తెలీదు. సాన్‌పొట్టు, రంపంపొట్టు మధ్య వేడెక్కే బ్యాటరీ పెట్టుకోవడం ఎంత రిస్కో చెప్పక్కర్లేదు.

అక్కణ్నుంచే బ్యాటరీలు తెప్పిస్తుంటే విమానం రూల్ గుర్తుంచుకోండి. విడి లిథియం బ్యాటరీలు చెక్-ఇన్ లగేజీలో పెట్టకూడదు, క్యాబిన్ బ్యాగులోనే తేవాలి. టూల్ బాడీ మాత్రం చెక్-ఇన్‌లో వేయాలి. 100 వాట్ అవర్ దాకా మామూలుగా అనుమతిస్తారు. 18 వోల్టుల 5 యాంపియర్ అవర్ ప్యాక్ అంటే 90 వాట్ అవర్. 100 దాటి 160 దాకా ఉంటే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి.

అసలు లెక్క: సర్వీస్ ఎంత దూరం?

రీకండిషన్డ్ టూల్ పాడయ్యే ఛాన్స్ కొత్తదానికన్నా కాస్త ఎక్కువే అనుకోవాలి. పాడైతే ఎక్కడికి వెళ్తారు? అమెరికాలో కొన్నదానికి వారంటీ సాధారణంగా అమెరికాలోనే. ఇక్కడ కొన్నదానికి అధీకృత సర్వీస్ సెంటర్ కావాలి. కంపెనీ సైట్‌లో మీ పిన్‌కోడ్ కొట్టి చూడండి. మన రెండు జిల్లాల్లో చాలామందికి తేలేది విశాఖ. విజయనగరం నుంచి సుమారు 60 కిలోమీటర్లు, శ్రీకాకుళం నుంచి 110 దాకా, పలాస నుంచి దాదాపు 190. ఇచ్ఛాపురం వాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఒక ఉదాహరణ వేసుకుందాం. కొత్త టూల్ 6,000, రీకండిషన్డ్ 4,000 అనుకోండి. మిగిలింది 2,000. పలాస కుర్రాడు దాన్ని విశాఖలో ఇచ్చి రావడానికి ఒక రోజు, తెచ్చుకోవడానికి ఇంకో రోజు. రోజు సంపాదన 800 చొప్పున 1,600 పోయింది. బస్సు ఛార్జీలు కలిపితే మిగిలిన 2,000 ఒక్క రిపేరుతో హుష్‌కాకి. ఈ మధ్యలో పని ఆగిన నష్టం వేరే. ఇంట్లో అప్పుడప్పుడు వాడేవాడికి ఇది చిన్న విషయం. దాని మీదే పొట్ట పోసుకునేవాడికి తగ్గింపు శాతం కన్నా సర్వీస్ సెంటర్ దూరమే ముఖ్యం.

మన వాతావరణం కూడా లెక్కలోకి తీసుకోండి. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో బేరింగులు, స్విచ్ కాంటాక్టులు త్వరగా తుప్పు పడతాయి. 2014లో హుద్‌హుద్, 2018 అక్టోబర్‌లో తిత్లీ చూసిన ప్రాంతం మనది. నీళ్లలో మునిగిన మెషిన్‌ని ఆరబెట్టి, తుడిచి, రంగేస్తే బయటికి ఏమీ తెలీదు. గాలి పోయే కన్నాల్లోంచి టార్చ్ వేసి చూడండి. రాగి మీద పచ్చటి పొర, అల్యూమినియం మీద తెల్లటి పొడి, స్క్రూలకి తుప్పు కనిపిస్తే అక్కడే వదిలేయండి.

షాపులో 5 నిమిషాల టెస్ట్

ముందు ప్లగ్గు పెట్టకుండా:

1. వాసన చూడండి. కాలిన వార్నిష్ వాసన వస్తే వైండింగ్ ఒకసారి వేడెక్కిందని అర్థం.
2. చక్‌ని గానీ, డిస్క్ బిగించే స్పిండిల్‌ని గానీ పట్టుకుని పక్కలకి ఊపండి. లూజు ఉండకూడదు. చేత్తో తిప్పితే ఇసుక రాసుకున్నట్టు అనిపించకూడదు.
3. నేమ్‌ప్లేట్, సీరియల్ నంబర్ ఉండాలి. గీకేసి ఉంటే అది రీకండిషన్డే కాకపోవచ్చు, దొంగ సరుకు కూడా కావచ్చు.
4. గ్రైండర్‌కి గార్డు లేకపోతే బేరమే వద్దు. "అందరూ తీసేసే వాడతారు" అన్నది జవాబు కాదు.
5. చదరంలో చదరం గుర్తు ఉంటే అది డబుల్ ఇన్సులేటెడ్ టూల్, ఎర్త్ వైరు ఉండదు. అలాంటిదాని బాడీ పగిలి అతికించినా, లోపల ఇన్సులేషన్ ముక్కలు మార్చినా షాక్ నుంచి కాపాడేది ఏమీ మిగలదు.

తర్వాత ప్లగ్గు పెట్టి:

6. స్విచ్ పదిసార్లు ఆన్, ఆఫ్ చేయండి. ఒక్కసారి ఇరుక్కున్నా వద్దు. ఇది నా అనుభవం.
7. రెండు నిమిషాలు ఖాళీగా నడపండి. కార్బన్ బ్రష్‌ల దగ్గర చిన్న నీలి మెరుపులు మామూలే. కమ్యుటేటర్ చుట్టూ నిప్పు రింగులా కనిపిస్తే ఆర్మేచర్ పోయినట్టే. కార్బన్లు అరిగితే కంగారు లేదు, తక్కువ ఖర్చుతో పోతుంది. ఆర్మేచర్ పోతే మెషిన్ ధరలో పెద్ద భాగం పోయినట్టు.
8. ఒక చెక్క ముక్క కోసి గానీ, గోడకి కన్నం పెట్టి గానీ చూడండి. లోడ్ పడగానే నీరసపడితే వదిలేయండి.

పాత గ్రైండర్‌తో ఫ్రీగా ఇచ్చే డిస్క్‌లు వాడొద్దు. పేరున్న కంపెనీల కటింగ్ డిస్క్‌ల మధ్యలో ఉండే లోహపు రింగు మీద ఎక్స్‌పైరీ ముద్రించి ఉంటుంది. ఇంట్లో 30 మిల్లీయాంపియర్ ఆర్‌సీసీబీ ఉంటే ఏ టూల్ వాడినా కాస్త ధైర్యం.

బిల్లు లేకపోతే బేరం లేదు

బిల్లు మీద మోడల్, సీరియల్ నంబర్, 'రీకండిషన్డ్' అన్న మాట, వారంటీ ఎన్ని నెలలో రాయించుకోండి. ఆంధ్రప్రదేశ్ జీఎస్టీ నంబర్ 37 తో మొదలవుతుంది, అదీ చూడండి. "పని కోసం కొన్నాం కదా, మనం వినియోగదారులం అవుతామా?" అని చాలామంది వెనక్కి తగ్గుతారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, స్వయం ఉపాధితో పొట్ట పోసుకోవడానికి సొంతంగా వాడుకునే వస్తువు కొన్నవాళ్లు కూడా వినియోగదారులే. మోసపోతే 1915 హెల్ప్‌లైన్‌కి చేయొచ్చు, జిల్లా కమిషన్‌కి వెళ్లొచ్చు. దేనికైనా ఆధారం బిల్లే.

ఇంకొకటి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నిబంధనల్లోకి డ్రిల్లులు, రంపాల్లాంటి ఎలక్ట్రిక్ టూల్స్ కూడా వస్తాయి. రీఫర్బిష్ చేసే సంస్థ కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దగ్గర నమోదు కావాలి. మైక్రో సంస్థలకి మినహాయింపు ఉంది కాబట్టి వీధి చివరి మెకానిక్‌ని ఇది అడగక్కర్లేదు. కానీ 'మేం పెద్ద కంపెనీ' అంటూ ఆన్‌లైన్‌లో అమ్మేవాణ్ని అడగొచ్చు.

మా తీర్పు

కొనొచ్చు: మీ దగ్గర ఉన్న బ్యాటరీలే ఎక్కే టూల్ బాడీ, కంపెనీ రీకండిషన్ చేసింది అని మోడల్ నంబర్‌తో తేలినప్పుడు. ఇక్కడే 230 వోల్టులకి తయారై, బిల్లు, రాతపూర్వక వారంటీ ఉండి, సర్వీస్ ఒక పూటలో వెళ్లొచ్చేంత దగ్గర ఉన్నప్పుడు. ఏడాదికి నాలుగుసార్లు వాడే డ్రిల్, సాండర్ లాంటివి.

వద్దు: 120 వోల్టుల వైరు టూల్స్ ఏవైనా. గార్డు లేని, సీరియల్ లేని, బిల్లు లేని గ్రైండర్. రోజూ వాడే మెయిన్ మెషిన్, దాని సర్వీస్ వంద కిలోమీటర్ల అవతల ఉంటే.

మూడో దారి కూడా ఉంది. మన ఊళ్ల నుంచి హైదరాబాద్, చెన్నై, బెంగళూరు సైట్లకి వెళ్లినవాళ్లు పండక్కి వస్తారు. వాళ్లలో ఎవరైనా టూల్ మార్చుకుంటుంటే అది అడగండి. ఎన్నేళ్లు వాడారు, ఏ పని చేశారు, ఎప్పుడు రిపేరైంది అన్నీ వాళ్ల నోటి వెంటే వింటారు. చరిత్ర తెలిసిన పాత టూల్ చాలాసార్లు చరిత్ర తెలియని రీకండిషన్డ్ కన్నా మేలు.

ఇంతకీ బావ ఏం చేశాడంటే, ఇంపాక్ట్ డ్రైవర్ బాడీ ఒక్కటే తెప్పించుకున్నాడు. సర్క్యులర్ సా మాత్రం ఇక్కడే కొత్తది, బిల్లుతో కొన్నాడు. సంక్రాంతి వెళ్లాక ఫోన్ చేశాడు. "డ్రైవర్ బాగానే నడుస్తంది గానీ, సా మీద నాలుగు డబ్బులు ఎక్కువైపోనాయిరా బావా" అన్నాడు. నేను నా గ్రైండర్ సంగతి మళ్లీ గుర్తు చేశాను. ఒక్క క్షణం ఆగి, "సరేలే, పదేళ్లూ ఉండాలి కదా" అన్నాడు. మెషిన్ గురించి అన్నాడో, వేళ్ల గురించి అన్నాడో నేను అడగలేదు.